అరంగుళం

మార్చి 2, సోమవారం

మేస్త్రి కొలతల పుస్తకంలోనే రాస్తున్నాను. వెనక సగం ఖాళీగా ఉంది, కొత్తది కొనడం దండగ. ముందు సగం నిండా మా ఆయన అంకెలే. అటు తిప్పను.

పొద్దున సూపర్వైజరు వచ్చాడు. మెడ ఒక పక్కకి వాల్చి నడుస్తాడని మేస్త్రి ఆయనకి రసమట్టం అని పేరు పెట్టాడు. "బుడగ ఎప్పుడూ మధ్యకి రాదే" అనేవాడు. ఆ రసమట్టం గుమ్మంలోనే నిలబడి, "అక్కా, హెల్పర్ పని ఉంటే కబురు పెడతాలే" అన్నాడు. మేస్త్రి పోయిన ఎనిమిది నెలల నుంచీ ఇదే మాట. నాకా ముక్కు మీదే ఉంటుంది కోపం. "హెల్పర్ ఏంటి బాబూ, నేను సీలింగే కొడతాను" అనేశాను.

నవ్వుంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. నవ్వలేదు. "ఇరవై రెండేళ్ళు మేస్త్రికి బోర్డు కింద కర్ర పట్టావు, కాదనను. కర్ర పట్టడం వేరు, బోర్డు ఎక్కించడం వేరు అక్కా" అన్నాడు. కాసేపు ఆలోచించి, "సరే, ఒక గది నువ్వొక్కదానివే చేసి చూపించు. పద్నాలుగో తారీకు శనివారం వచ్చి చూస్తా. బాగుంటే స్కూలు పని నీకే. పన్నెండు గదులు" అన్నాడు.

"ఒక్కదాన్నే" అన్నాను.

"ఇంకో చెయ్యి తగలకూడదు."

"తగలదు" అన్నాను.

ఆయన వెళ్ళాక మేస్త్రి పనిముట్ల పెట్టె తీసి దుమ్ము దులిపాను.

మార్చి 3, మంగళవారం

మా వెనక గదే చేస్తాను. పన్నెండు బై పన్నెండు. మేస్త్రి పదకొండేళ్ళ కిందట పైన ఇనప చానెళ్ళ ఫ్రేము బిగించాడు, బోర్డు మాత్రం కొట్టలేదు. ఎప్పుడడిగినా వచ్చే నెల. ఊళ్ళో అందరి నెత్తి మీదా తెల్లటి సీలింగు పెట్టిన మనిషి, తను మాత్రం బూజు చూస్తూ పడుకునేవాడు. "నీ సొంత గదికి దిక్కు లేదు కదయ్యా" అంటే, "ఈ సైటులో తిట్టే ఓనరు లేడు, అందుకే పని కదలదు" అనేవాడు. నేను తిడుతూనే ఉన్నాను, ఓనరు కింద లెక్కకి రాలేదు.

ఆరు బై నాలుగు జిప్సం బోర్డులు ఆరు దిగాయి. ఆటో అతను గోడకి ఆనించి వెళ్ళాడు.

వదిన గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. వదినంటే మేస్త్రి అక్క. ఆవిడ భర్త పోయాక ఆరేళ్ళ కిందట మా ఇంటికి వచ్చింది. మాకు పిల్లల్లేరు కనక ఈ ఇంట్లో పెద్దదీ ఆవిడే, మారాం చేసేదీ ఆవిడే. ఇప్పుడు తమ్ముడూ పోయాడు. ఎనిమిది నెలల నుంచి ఆ గుమ్మమే ఆవిడకి లోకం. పెడితే తింటుంది, లేకపోతే లేదు.

"నేనేమైనా పట్టుకోనా?" అంది.

"వద్దు వదినా. ఒక్కదాన్నే చెయ్యాలి, పందెం."

"అంతేలే. నేనిక దేనికి పనికొస్తాను" అని లేచి లోపలికి వెళ్ళింది. అబ్బబ్బ, ఈవిడతో వేగలేను. ఏం అన్నానని ఇప్పుడు?

మార్చి 4, బుధవారం

గోడల మీద పట్టీలు కొట్టాను. ఫ్రేముకి కాస్త కిందగా చెక్క పట్టీ బిగిస్తే, బోర్డు ఒక అంచు అందులోకి దూరుతుంది. రెండో అంచుని నెత్తితో పైకెత్తి, కింద టీ కర్ర, అంటే ఇంగ్లీషు T అక్షరంలా ఉండే ఊతకర్ర, పెట్టాలి. ఆ తర్వాత స్క్రూలు. చెప్పుకుంటే ఇంతే. ఒక్కో బోర్డు పందొమ్మిది కిలోలు.

ఆయనా నేనూ అయితే ఇలా ఉండేది. ఆయన బల్ల మీద నిలబడి, తువ్వాలు చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, బోర్డు ఎత్తేవాడు. "ఊఁ" అనేవాడు. నేను కర్ర పెట్టి "ఊఁ" అనేదాన్ని. ఆయన తల తప్పించి, బల్ల మీంచే కర్రని కాలితో ఒక తన్ను తన్ని, స్క్రూ గన్ తీసుకునేవాడు. అక్కణ్ణించి చివరి స్క్రూ దాకా బోర్డు బరువంతా నాది. "గట్టిగా పట్టుకో, వదిలితే నా నెత్తిన పడుతుంది" అనేవాడు ప్రతిసారీ. ఊపిరి బిగబట్టి పట్టుకునేదాన్ని. సాయంత్రానికి చేతులు ఎత్తలేకపోయేదాన్ని. ఇంటికొచ్చాక నూనె వెచ్చబెట్టి భుజాల దగ్గర్నుంచి వేళ్ళ దాకా రాసేవాడు. "పాపం, ఇంత బరువు మోస్తావు" అనేవాడు. రోజూ.

మొదటి సైటు ఒక బట్టల కొట్టు. నాకు కడుపు పోయిన ఏడాది అది. ఆయన పనికి వెళ్తే నేను గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని, వచ్చేసరికి అక్కడే ఉండేదాన్ని. ఒకరోజు పొద్దున్నే, "హెల్పర్ చెప్పకుండా పోయాడే, నువ్వు రాకపోతే ఇవాళ పని ఆగిపోతుంది" అన్నాడు. ఒక్కరోజుకే కదా అని వెళ్ళాను. ఆ హెల్పర్ మళ్ళీ రాలేదు. ఎవడో మహానుభావుడు, మొహం కూడా చూడలేదు నేను.

తర్వాత బస్సులో ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఇద్దరం మెడలు సాచేవాళ్ళం. జనం చీరలు చూస్తుంటే మేం సీలింగు చూసేవాళ్ళం. "మనదే" అనేవాడు, బస్సంతా వినపడేలా.

మార్చి 5, గురువారం

ఇవాళ కర్ర కోశాను. ఎప్పుడూ ఆయనే కోసేవాడు. ప్రతి సైటులో మొదటి పని అదే, గది ఎత్తు కొలిచి దానికి తగ్గ కర్ర కోయడం. ఆ టైముకి నన్ను టీకి పంపేవాడు.

లెక్క ఎలా వేసేవాడో చూద్దామని, తిప్పనన్న ముందు పేజీలు తిప్పాను. చివరి సైటు దగ్గర రాసి ఉంది:

ఎత్తు 10–2. కర్ర 10–2.

ఎత్తంటే నేల నుంచి ఫ్రేము దాకా. మధ్యలో బోర్డు రావాలి కదా, అది అరంగుళం మందం. అంటే కర్రకి మిగిలే చోటు అరంగుళం తక్కువ. ఆ అరంగుళం తీసెయ్యడం మర్చిపోయాడు! అంత పెద్ద మేస్త్రి! పక్కనే ఉంటే ఎంత ఏడిపించేదాన్నో.

మా గది ఎత్తు తొమ్మిది అడుగుల ఆరంగుళాలు. నేను లెక్క ప్రకారం తొమ్మిది అడుగుల ఐదున్నరకి కోశాను. నిలబెట్టి చూశాను, గీత గీసినట్టు సరిపోతుంది. కనీసం ఒక్క అరంగుళం దగ్గరైనా ఆయన మీద గెలిచాను.

మార్చి 6, శుక్రవారం

పడింది.

మార్చి 7, శనివారం

నిన్న కుడి చెయ్యి ఆడక ఒక్క మాటే రాశాను.

బోర్డు ఎత్తాను. పట్టీలోకి దూర్చాను, నెత్తితో లేపాను, కర్ర పెట్టాను. అంతా ఆయన చేసినట్టే. పట్టుకున్నంతసేపూ బాగానే ఉంది. స్క్రూ గన్ కోసం ఇటు తిరిగానో లేదో, కర్ర జారింది. కర్ర ముందు, బోర్డు వెనక. భుజం కమిలింది, బోర్డు మూల విరిగింది. చుక్కలు కనపడ్డాయి.

చప్పుడుకి వదిన పరుగెత్తుకొచ్చింది. ఆవిడ పరుగెత్తి ఎన్నాళ్ళయిందో. "ఏమైందే! ఏమైంది!" అని నన్నంతా తడిమి చూసి, దెబ్బ పెద్దది కాదని తేలాక తిట్లు మొదలుపెట్టింది. "ఒక్కదానివే ఊళ్ళేలుదామని బయల్దేరావా? మనిషిని పక్కనే పెట్టుకుని పిలవవు. చస్తే అప్పుడు పిలుద్దువుగానీ." నేనూ ఊరుకోలేదు. "పిలిస్తే నువ్వేం చేస్తావు వదినా, అరవై నాలుగేళ్ళదానివి?" అన్నాను.

అనకూడని మాట. అనేశాను.

అయినా ఇప్పుడు తెలిసింది కదా. పట్టుకునే మనిషి లేనిదే బోర్డు నిలవదు. ఆయన నెత్తిన పడకుండా ఇరవై రెండేళ్ళు కాపాడింది నేనే. రసమట్టానికి ఆ సంగతి చెప్పి, హెల్పర్ పనే ఇమ్మంటాను. తప్పేముంది? హెల్పరంటే మాటలా?

ఏడవలేదు. బోర్డు దుమ్ము కళ్ళలో పడింది.

మార్చి 8, ఆదివారం

ఇంకో బోర్డు తెప్పించాను. ఎందుకు తెప్పించానో తెలీదు.

మార్చి 9, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మళ్ళీ ఎత్తాను. ఈసారి కర్ర జారకుండా కాలి కింద ఏదైనా పెడదామని చూస్తే, విరిగిన బోర్డు ముక్క కనపడింది. దాన్ని కర్ర కింద వేశాను. వేస్తే కర్ర నిటారుగా దూరదు, పొడవైపోయింది. ఏటవాలుగా పెట్టి, కాలితో తన్నాను. కరకరమని లోపలికి వెళ్ళి బిగుసుకుంది.

రెండు చేతులతో పట్టుకున్నాను, అలవాటు ప్రకారం. ఊపిరి బిగబట్టాను. ఎంతసేపటికీ చేతులకి బరువు తెలియడం లేదు. ఒక వేలు తీశాను. తర్వాత ఒక చెయ్యి. తర్వాత రెండోది.

పడలేదు.

కర్రని ఊపాను. కదల్లేదు. కాళ్ళు పైకి ముడుచుకుని దానికి వేలాడాను, ఈ వయసులో, ఈ ఒంటితో. అయినా కదల్లేదు. వదిన గుమ్మంలోంచి "ఏం ఆటలే అవి?" అంటోంది, నేనింకా వేలాడుతూనే ఉన్నాను.

బోర్డు ముక్క మందం అరంగుళం. నా కర్ర తొమ్మిది అడుగుల ఐదున్నర. రెండూ కలిపితే తొమ్మిది ఆరు. ఎత్తు 9–6, కర్ర 9–6.

స్క్రూలన్నీ బిగించి, కిందకి దిగి, పుస్తకం తీశాను. మొదటి పేజీ నుంచి చూశాను. బట్టల కొట్టు: ఎత్తు 11–0, కర్ర 11–0. గ్రంథాలయం: ఎత్తు 12–4, కర్ర 12–4. కంటి డాక్టరు గది, రెండు బ్యాంకులు, పెళ్ళి హాలు. ఇరవై రెండేళ్ళలో ఒక్కచోట కూడా ఆ అరంగుళం తియ్యలేదు. మర్చిపోయినవాడు ఒకసారి మర్చిపోతాడు, రెండుసార్లు మర్చిపోతాడు.

అన్నేళ్ళూ నేను పట్టుకోకపోయినా ఏ బోర్డూ పడేది కాదు.

మార్చి 10, మంగళవారం

ఇరవై రెండేళ్ళు నా చెవిలో పువ్వు పెట్టాడు! ఒకటా రెండా! "గట్టిగా పట్టుకో" అట! "వదిలితే నా నెత్తిన పడుతుంది" అట! ఒకసారి ముక్కు దురద పెట్టి కన్నీళ్ళు కారుతున్నా చెయ్యి వదల్లేదు నేను. పైనుంచి చూస్తూనే ఉన్నాడు, మహానటుడు.

నాకు టైఫాయిడ్ వచ్చిన నెల పేజీ వెతికి పట్టుకున్నాను. అప్పుడేం చెప్పాడు? "నువ్వు లేక పని పడకేసిందే, పక్క సైటువాణ్ణి బతిమాలి ఒక్క గది చేశాను" అన్నాడు. ఆ నెల రాసుకున్నవి నాలుగు గదులు. తొమ్మిది రోజుల్లో. ఒక్కడే. నేనుంటే గదికి నాలుగు రోజులు పట్టేది మాకు.

నేనుంటే ఆలస్యం! ఎందుకవ్వదు, మధ్యలో టీలు, కబుర్లు, నాకు కాళ్ళు నొప్పులని కూర్చోబెట్టడాలు.

ఇవాళ రెండు బోర్డులు ఎక్కించాను. కోపంలో పని బాగా సాగుతుంది.

మార్చి 11, బుధవారం

కోపం పట్టుకుందామంటే నిలబడటం లేదు.

పెళ్ళి హాలు సైటులో రంగుల మేస్త్రి ఒకడు అందరి ముందూ అడిగాడు, "ఏం మేస్త్రీ, ఆవిడ లేకుండా ఒక్క బోర్డూ ఎక్కించలేవా, పెళ్ళాం కొంగు వదలవా?" అని. పదిమంది మగాళ్ళు ఫక్కున నవ్వారు. ఈయన సిగ్గుపడలేదు, ఎదురు తిరగలేదు. "నా వల్ల కాదయ్యా. ఆవిడ వదిలిందంటే హాలు హాలంతా కూలుద్ది" అన్నాడు. నాకు ఎంత గర్వమో ఆ రోజు. ఇంటికొచ్చే దారంతా తల ఎత్తుకునే నడిచాను.

ఆ నవ్వంతా ఎవరిమీద పడిందో ఇప్పుడు అర్థమైంది.

ఇంకోటి కూడా అర్థమైంది. బట్టల కొట్టు పని అంతకు ముందు వారం నుంచే జరుగుతోంది. పుస్తకంలో తారీకులున్నాయి. హెల్పర్ పారిపోయాడన్నాడే, అసలు ఏ పేజీలోనూ హెల్పర్‌కి కూలి ఇచ్చిన లెక్కే లేదు. గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషిని లేపడానికి ఒక కర్ర ఇచ్చాడు, అంతే.

ఎంత మనిషివయ్యా. ఒక్కసారి చెప్పుంటే నీ సొమ్మేం పోయేది? చెబితే నేను వచ్చేదాన్ని కాదు, నిజమే.

ఇవాళ పని చెయ్యలేదు. నూనె సీసా ఆయన పెట్టిన చోటే ఉంది.

మార్చి 12, గురువారం

ఇప్పటికి ఐదు అయ్యాయి. ఒకదాన్ని సగానికి కోసి నడిమి వరుసకి రెండు చివరలా పెట్టాను, అతుకులు ఎదురెదురుగా రాకుండా. మిగిలింది నట్టనడిమి బోర్డు. దానికి ఆనుకోవడానికి గోడ లేదు. పక్క ముక్క కింద తాత్కాలికంగా పట్టీ కొట్టుకుంటే అదీ నా వల్ల అవుతుంది. రేపు ఉదయం ఒక గంట పని.

వదిన సంచీ సర్దుకుంటోంది. పినతల్లి కూతురి దగ్గరికి పోతుందట. "వాళ్ళకీ నీకూ పడదుగా" అన్నాను. "పడకపోతే పడకపోయె. నీకు బరువుగా ఇక్కడెందుకు? అరవై నాలుగేళ్ళదాన్ని" అంది, నా మాట నాకే అప్పజెప్పింది. సర్దడానికి ఉన్నవి నాలుగు చీరలు. మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతోంది.

రెండుసార్లు వాకిలి దాకా వెళ్ళి వచ్చాను. మూడోసారి అడిగేశాను.

"వదినా, నడిమి బోర్డు నా వల్ల కావట్లేదు. కర్ర పట్టే మనిషి లేక ఆగిపోయింది."

"పందెం అన్నావుగా."

"ఇంట్లో ఉన్నది మనిద్దరం. నేను చెప్పను, నువ్వు చెప్పకు. రేపొక్కరోజు పట్టు, ఎల్లుండి వెళ్ళుదువుగానీ."

వదిన చీర మడత ఆపింది. "ఎన్నింటికి లేవాలి?" అంది.

మార్చి 13, శుక్రవారం

ఆవిడ నాకంటే ముందే లేచింది. కొంగు బిగించి, తువ్వాలు తలకి చుట్టుకుని గదిలో నిలబడి ఉంది. కొత్త కర్ర నిన్నే కోసి పెట్టాను, తొమ్మిది ఆరుకి. కోసేటప్పుడు ఆవిణ్ణి టీ పెట్టమని పంపాను.

బోర్డు నెత్తికెత్తుకుని "ఊఁ" అన్నాను. "ఏంటి ఊఁ?" అంది. "కర్ర పెట్టు వదినా!" అని అరిచాను. పెట్టింది. నేనే కాలితో తన్ని బిగించాను.

"గట్టిగా పట్టుకో. వదిలితే నా నెత్తిన పడుతుంది."

ఆవిడ కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, రెండు చేతులా పట్టుకుంది. మెడ నరాలు తేలాయి. నేను ఒక్కో స్క్రూ బిగిస్తూ పైనుంచి చూస్తున్నాను. ఆయనకి ఇన్నేళ్ళూ కనపడింది ఇదన్నమాట. తొందరగా చెయ్యాలనిపించలేదు. ఇరవై నాలుగు స్క్రూలకి అరగంట పట్టింది.

"అయిపోయింది, వదిలెయ్" అన్నాను.

"నిజంగా అయిందా? చూసుకో. నీకేమైనా అయితే మా తమ్ముడు నన్ను ఊరుకోడు" అంది. వదిలి, పైకి చూసి, కిందపడకపోవడం చూసి, చిన్నగా నవ్వింది. ఎనిమిది నెలలకి.

మధ్యాహ్నం అడగకుండానే రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

మార్చి 14, శనివారం

రసమట్టం చెప్పిన టైముకే వచ్చాడు. చెప్పులు విప్పి గది మధ్యలో నిలబడి, మెడ ఇంకో పక్కకి వాల్చి, అంతా చూశాడు. అతుకుల మీద చెయ్యి రాశాడు. స్క్రూలు లెక్కపెట్టాడు. అసలు రసమట్టం తీసి నాలుగు మూలలా పెట్టి చూశాడు. బుడగ మధ్యకే వచ్చింది.

"ఒక్కదానివే?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు వదిన గుమ్మంలోంచి అందుకుంది. "ఒక్కతే ఎలా చేస్తుంది బాబూ? నడిమి బోర్డు నేనే పట్టుకున్నా! అరగంట! చేతులు పడిపోయాయనుకో. నేను వదిలితే దీని నెత్తిన పడేది."

చెప్పకే తల్లీ అని నిన్న మూడుసార్లు చెప్పాను. సంతోషంలో మర్చిపోయింది. అన్నాక గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. మొహం చిన్నబోయింది.

రసమట్టం నన్నే చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. కర్ర తెచ్చి నిలబెట్టి, తన్ని, "చూడండి, దీన్నెవరూ పట్టుకోనక్కర్లేదు" అంటే చాలు. పన్నెండు గదులు. కర్ర అక్కడే, గోడకి ఆనించి ఉంది. చేతికందే దూరం.

వదిన తన రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది.

పెళ్ళి హాల్లో పదిమంది నవ్వుతుంటే ఆయన అన్న మాటే నా నోటికొచ్చింది. "నా వల్ల కాలేదు బాబూ. ఆవిడ పట్టుకోకపోతే బోర్డు నిలిచేది కాదు."

ఆయన తన రసమట్టం సంచీలో పెట్టుకున్నాడు. తర్వాత "మాట మాటే అక్కా. స్కూలు పని ఇవ్వలేను" అన్నాడు. చెప్పులు వేసుకున్నాడు. గేటు దాకా వెళ్ళి ఆగి, మళ్ళీ గది వైపు చూశాడు. "పని మాత్రం బాగుంది. స్కూలు వెనక బాత్‌రూములు ఉన్నాయి, నాలుగు, ఎనిమిది అడుగుల ఎత్తు. అవి చెయ్యండి, తర్వాత చూద్దాం. ఇద్దరూ వస్తారా?"

బాత్‌రూములు! ఇరవై రెండేళ్ళ తర్వాత బాత్‌రూములు! ఒళ్ళు మండింది. "వస్తాం" అన్నాను.

"సోమవారం పొద్దున్నే రావాలి" అన్నాడు వదినతో.

"నేను రాకపోతే దీనికి ఎలా జరుగుతుంది" అంది వదిన.

సంచీలో చీరలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

సాయంత్రం వెనక గదిలో చాప వేసుకుని ఇద్దరం వెల్లకిలా పడుకున్నాం. పైన తెల్లగా ఉంది. పదకొండేళ్ళ బూజు కనపడకుండా పోయింది. "మనదే" అన్నాను, పైకే. వదినకి అర్థం కాలేదు గానీ "మనదే" అంది.

కాసేపటికి, "చేతులు లాగేస్తున్నాయే. నిన్నటి బరువు ఇంకా దిగలేదు" అంది.

లేచి నూనె వెచ్చబెట్టాను. భుజాల దగ్గర్నుంచి వేళ్ళ దాకా రాశాను. నొప్పి అబద్ధం అనుకున్నాను గానీ, కాదు. కండలు నిజంగానే గట్టిపడి ఉన్నాయి. అంత గట్టిగా పట్టుకుంది మరి. నావీ ఇలాగే ఉండేవేమో, అందుకే రోజూ రాశాడేమో.

"పాపం, ఇంత బరువు మోశావు" అన్నాను.

"మరేమనుకున్నావు" అంది.

ఆవిడ నిద్రపోయింది. సోమవారానికి లెక్క రాసి పెట్టుకుంటున్నాను, ఆయన రాసిన చోటికి కిందనే.

బాత్‌రూములు, నాలుగు. ఎత్తు 8–0. కర్ర 8–0.